గౌరవ పల్లకి

కందాళ పరాంకుశం తన సర్వీసు మొత్తంలో ప్రభుత్వానికి ఇచ్చిన సలహాల్లో అమలైంది ఒక్కటే. అది ఆయన హాస్యానికి అన్న మాట.

ఈ సంగతి ఆయనే పదిమందికీ చెప్పుకుని నవ్వేవాడు. సచివాలయంలో సంక్షేమ శాఖ ఉపకార్యదర్శి అంటే బయటివాళ్ళకి పెద్ద ఉద్యోగంలాగే వినిపిస్తుంది. లోపల ఆయన చేసే పనల్లా పాత జీవోలోంచి కొత్త జీవో తయారుచెయ్యడం. పాతదాంట్లో పథకం పేరు కొట్టేసి కొత్త పేరు పెట్టాలి. మధ్యలో మంత్రిగారు సభలో అన్న మాటలు రెండు దూర్చాలి. ఆఖరి పేరా మాత్రం ఉన్నదున్నట్టు వదిలెయ్యాలి. ఆ ఆఖరి పేరా పరాంకుశం ఉద్యోగంలో చేరకముందునుంచీ ఉంది. ఎవరు రాశారో తెలీదు, ఎందుకు రాశారో అసలే తెలీదు. మిగతా జీవో కళ్ళు పెట్టుకుని టైపు చేసేవాడు గానీ, ఆఖరి పేరా దగ్గరికి వచ్చేసరికి వేళ్ళే కొట్టుకుపోయేవి. ఆయన ఆ సమయంలో ఇంటికి ఏం కూరలు తీసుకెళ్ళాలో ఆలోచించుకునేవాడు.

ఆ ఏడు ఎండాకాలంలో ఢిల్లీనుంచి ‘స్వశక్తి సంస్కరణ’ వచ్చింది.

పని చేసుకోలేనివాళ్ళకి నెలనెలా ఇచ్చే అశక్త పింఛను ఇకనుంచి నిజమైన అశక్తులకే ఇవ్వాలని కేంద్రం నిశ్చయించింది. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. అశక్తులెవరో తేల్చే పద్ధతే కొంచెం విశేషం. పింఛనుదారులు మండల కేంద్రంలో మూడో అంతస్తులో ఉన్న నిర్ధారణ కార్యాలయానికి స్వయంగా రావాలి. వచ్చారంటే మెట్లెక్కారన్నమాట. మెట్లెక్కినవారు సశక్తులు కనక పింఛను రద్దు. రాలేదంటే ఆసక్తి లేదన్నమాట. ఆసక్తి లేనివారికి బలవంతాన డబ్బివ్వడం పౌరుల స్వేచ్ఛకి భంగం కనక, అప్పుడూ రద్దు.

బస్సులోనో ఆటోలోనో వచ్చేవాళ్ళ సంగతి అనుబంధంలో ఉంది. వాహనం ఎక్కడమూ ఒక శక్తే. చుట్టాలు ఎత్తుకొస్తే, ఎత్తుకొచ్చే చుట్టాలున్నవారికి తిండి పెట్టే చుట్టాలూ ఉన్నట్టే. భవనానికి లిఫ్టు లేకపోలేదు. అది కేంద్ర నిధులతో పెట్టింది, కరెంటు రాష్ట్రానిది. ముందుగా మీట ఎవరు నొక్కాలన్న విషయం ట్రిబ్యునల్లో ఉంది.

ఢిల్లీలో ఉన్నది ఒక పార్టీ, ఇక్కడున్నది ఇంకొకటి. అందుకని సచివాలయంలో అత్యవసర సమావేశం పెట్టారు. ముఖ్య కార్యదర్శి ప్రద్యుమ్న గారు కళ్ళజోడు తుడుచుకుని ప్రారంభించారు.

“ఈ సంస్కరణను మనం తిరస్కరించడం లేదు, స్వీకరించడమూ లేదు. రాష్ట్ర ఆత్మగౌరవానికి అనుగుణంగా దీనికి ప్రతిస్పందించబోతున్నాం. ఏ విధంగా అన్నదే నేటి చర్చనీయాంశం.”

పరాంకుశానికి ఆ నెలాఖరుకి కాదు గానీ, ఆ ఏడాదిలోనే రిటైర్మెంటు. రిటైరయ్యేవాళ్ళకి ఒకోసారి ధైర్యం వస్తుంది.

“ఆ పింఛనేదో మనమే ఇచ్చేస్తే పోలా సార్?” అన్నాడు.

ఆర్థిక శాఖ ఆయన నోటిదాకా తీసుకెళ్ళిన బిస్కెట్టు మళ్ళీ ప్లేటులో పెట్టేశాడు. పెళ్ళివారింట్లో చావు కబురు చెప్పినవాణ్ణి చూసినట్టు చూశారందరూ.

“పరాంకుశం గారూ, అది పరిష్కారం అవుతుంది,” అన్నారు ప్రద్యుమ్న, చంటిపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా. “మంత్రిగారు అడిగింది ప్రతిస్పందన.”

పరాంకుశం తప్పు దిద్దుకుని నోరు మూసుకున్నాడు. చర్చ భోజనం వేళ దాటిపోయింది. పింఛను కేంద్రానిది, పరీక్ష కేంద్రానిది. అయితే పింఛనుదారు గుమ్మానికీ, కార్యాలయం గుమ్మానికీ మధ్యనున్న రోడ్డు రాష్ట్రానిది! ఈ సత్యం కనిపెట్టిన న్యాయశాఖ ఆయన్ని అందరూ అభినందించారు. మన రోడ్డు మీద మన అవ్వాతాతల పాదం నేలకు తాకకూడదని తీర్మానించారు. మరి ఎలా రావాలి? వాహనం పనికిరాదు. చుట్టాలు పనికిరారు. కాలు కింద పెట్టకూడదు.

పరాంకుశానికి కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. ఆయన తాతముత్తాతలు గుళ్ళో కైంకర్యం చేసినవాళ్ళు. ఆ వాసన ఎక్కడికి పోతుంది, నోరు జారాడు.

“అయితే ఉత్సవ విగ్రహాన్ని తెచ్చినట్టు పల్లకీలో మోసుకురావలసిందే సార్.”

ఎవరో ఒకరు నవ్వుతారని ఆగాడు. ఒక్కరూ నవ్వలేదు. స్టెనో రాసేసుకుంది. ప్రద్యుమ్న గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“పల్లకి వాహనం కాదు. మోటారు వాహనాల చట్టంలో దాని ప్రస్తావనే లేదు. బోయీలు చుట్టాలు కారు, పొరుగుసేవల ఉద్యోగులు. పైగా మన సంస్కృతి! పరాంకుశం గారూ, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నారండీ మీరు?”

సాయంత్రానికి ‘గౌరవ పల్లకి’ పథకం పుట్టింది. జీవో పరాంకుశమే రాశాడు. పాత సైకిళ్ళ పథకం జీవో తీసి, సైకిలు ఉన్నచోటల్లా పల్లకి పెట్టాడు. మధ్యలో ఆత్మగౌరవం నాలుగుసార్లు చేర్చాడు. ఆఖరి పేరా వేళ్ళు కొట్టేశాయి. ఆ రోజు ఇంటికి బెండకాయలు తీసుకెళ్ళాలని గుర్తుంది ఆయనకి.

ప్రయోగానికి నల్లంపేట మండలాన్ని ఎంచుకున్నారు. అది పరాంకుశం సొంతూరు, గోదావరి కాలవ పక్క ఊరు. సలహా ఇచ్చినవాడు దగ్గరుండి నడిపించాలని ప్రద్యుమ్న గారు ఆయన్ని అక్కడికి ప్రత్యేకాధికారిగా వేశారు.

పల్లకి రాజధానినుంచి లారీలో వచ్చింది. టేకు కర్ర, ఇత్తడి గుబ్బలు, పైన మంత్రిగారి బొమ్మ. లోపల కూర్చున్నవాళ్ళ ముఖం ఫోటో తీసుకుని వెంటనే లబ్ధిదారుల ఖాతాలో ఎక్కించే యంత్రం ఒకటి బిగించారు. ఎవరూ మధ్యవర్తిగా ఉండి అవినీతి చెయ్యకుండా ఈ ఏర్పాటు. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు పల్లకీలో కూర్చుని చెయ్యి ఊపారు. తర్వాత ప్రద్యుమ్న గారు కూర్చున్నారు. తర్వాత కలెక్టరుగారు, ఆర్థిక శాఖ ఆయన, న్యాయశాఖ ఆయన, ఒకరి తర్వాత ఒకరు ఎక్కి దిగారు. యంత్రం ప్రతిసారీ టిక్కుమంది. పరాంకుశం మాత్రం ఎక్కలేదు. తన హాస్యంలో తనే కూర్చోడానికి మనసొప్పలేదు.

బోయీల నియామకంలోనూ రాష్ట్రం ముందుచూపు చూపించింది. కేంద్రం సశక్తులని తేల్చి పింఛను పీకేసినవాళ్ళందరికీ ఉపాధి కల్పిస్తామని మంత్రిగారు మాటిచ్చారు కదా, వాళ్ళనే బోయీలుగా తీసుకున్నారు. అంటే నిన్నటిదాకా మోయించుకోవలసినవాళ్ళు ఇవాళ మొయ్యాలన్నమాట. వాళ్ళ పెద్ద ముత్యాలు. వయసులో ఉండగా మిల్లులో బస్తాలు మోసి తుంటి అరగ్గొట్టుకున్నవాడు.

“నీ పింఛనెలా పోయిందయ్యా?” అని అడిగాడు పరాంకుశం.

“ఎందుకు పీకేరో అడుగుదారని మెట్లెక్కేనండి. ఎక్కేవుగా, అందుకే పీకేం అన్నారండాయ్.”

“మెట్లెక్కకముందే పీకారా?”

“ముందే పీకేరండి. ఎక్కినాక కాయితం ఇచ్చేరు.”

పరాంకుశం లబ్ధిదారుల జాబితా తెరిచాడు.

పల్లకి ఎక్కబోయే మొదటి లబ్ధిదారు పేరు చూడగానే మాత్రం ఆయన మనసు మెత్తబడింది. గంటాలమ్మ. తను చదువుకున్న బడి ముందు బుట్టలో ఇడ్లీలు పెట్టుకుని అమ్మిన మనిషి. పిల్లలంతా అత్తా అనేవారు. పొద్దున్నే చలిలో అల్లప్పచ్చడి వేసి ఆకులో పెట్టి ఇచ్చేది. ఇప్పుడు మోకాళ్ళు వాచిపోయి, కాలవగట్టు మీద రేకుల ఇంట్లో ఒక్కర్తే ఉంటోంది. పొయ్యి దగ్గర నిలబడలేదు, బుట్ట ఎత్తలేదు. ఆ పింఛను వస్తే బియ్యం, మాత్రలు. రాకపోతే రెండూ లేవు. నిర్ధారణ తేలేదాకా ఢిల్లీ ఆపించేసింది.

ఇంటికెళ్ళి పలకరించాడు. ఆవిడ కళ్ళు చిట్లించి చూసింది.

“ఆచార్లుగారబ్బాయివి కదూ? పచ్చడి రెండోసారి వేయించుకునేవాడివి.”

“నేనే అత్తా.”

“పెద్దాఫీసరువయ్యేవంట. నిజం చెప్పు బాబూ. నీ పల్లకీ ఎక్కితే నా పింఛను నిలబడద్దా?”

“నిలబడుతుంది. నేను రాసిన జీవో అది. నాదీ పూచీ.”

“నువ్వు రాసేవు కదా, అయితే సరే,” అంది గంటాలమ్మ. ఆ మాట పరాంకుశానికి చాలా బాగుంది. ముఖ్య కార్యదర్శి మెచ్చుకున్నప్పుడు కూడా అంత బాగా అనిపించలేదు.

కానీ ఢిల్లీ ఊరుకుంటుందా? పల్లకి సంగతి తెలిసిన వారానికే సర్క్యులర్ వచ్చింది. పల్లకీలో నిటారుగా కూర్చోగలిగినవారు కూర్చుని చేసే ఉద్యోగాలకు అర్హులు కనక వారిని సశక్తులుగా పరిగణించాలి. రాష్ట్రం వెంటనే పల్లకీలో పరుపు వేయించి, లబ్ధిదారులు పడుకునే రావాలని జీవోలో ఒక వాక్యం చేర్పించింది. దాని మీద ఢిల్లీ, ఊగే పల్లకీలో కిక్కురుమనకుండా పడుకోగలిగిన ఓర్పు ఉన్నవారు కాపలా ఉద్యోగానికి పనికొస్తారని రాసింది. కాబట్టి లబ్ధిదారులు దారి పొడుగునా మూలగాలని రాష్ట్రం ఇంకో వాక్యం చేర్పించింది. మూలుగు ఒకే ప్రమాణంలో ఉండాలని శిక్షకులను కూడా పంపింది.

గంటాలమ్మ శిక్షణకి వచ్చిన అమ్మాయిని చూసి జాలిపడింది. “నీకు పెళ్ళయిందా అమ్మా? లేదా? అయితే మూలుగు సంగతి నీకేం తెలుసమ్మా, కూచో, నేను చూపిత్తాను,” అని మంచం మీంచి లేవడానికి ప్రయత్నించింది. లేచేసరికి ఆవిడ నోట్లోంచి వచ్చిన మూలుగు విని ఆ అమ్మాయి పుస్తకం మూసేసి, ఉత్తీర్ణురాలు అని రాసుకుని వెళ్ళిపోయింది.

ఇలా ప్రతి సర్క్యులర్‌కీ గంటాలమ్మ వంతు వెనక్కి జరిగేది. పరాంకుశం వెళ్ళినప్పుడల్లా ఆవిడ గంజి తాగుతూ కనిపించేది. ఏం కూర అత్తా అని అడగడం మానేశాడు. ఒకసారి సంచీతో బియ్యం తీసుకెళ్తే గుమ్మం బయటే ఆపేసింది.

“నువ్వు దానం చెయ్యక్కర్లేదు బాబూ. నువ్వు రాసిందేదో అది జరిగేలా చూడు చాలు.”

బియ్యం సంచీ మోసుకుని గట్టు మీద తిరిగొస్తుంటే పరాంకుశానికి సిగ్గేసింది. ఇంతా చేసి తను ఈవిడకి ఇచ్చింది ఒక హాస్యం.

ఆఖరికి ఆ రోజు వచ్చింది. కార్యాలయం కింద షామియానా, మైకులు, దండలు. మంత్రిగారూ, ప్రద్యుమ్న గారూ వేదిక మీద. పైన మూడో అంతస్తులో ఢిల్లీనుంచి వచ్చిన పరిశీలకుడు దత్తాగారు. ఆయన తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నారు. పల్లకి మెట్ల మలుపు దగ్గర తిరగదని ముందురోజు తెలిసి, రోడ్లు భవనాల శాఖవాళ్ళు మలుపులో గోడ పగలగొట్టేశారు. ఇప్పుడు మెట్ల మీంచి చూస్తే మున్సిపాలిటీ డంపింగ్ యార్డు బాగా కనిపిస్తోంది.

ముత్యాలూ, మిగతా ముగ్గురూ పల్లకి ఎత్తారు. ఓహోం అన్నది పాట కాదు, వాళ్ళ నడుముల బాధ. లోపల గంటాలమ్మ, బయట బోయీలు, అందరూ ఒకే ప్రమాణంలో మూలుగుతూ మెట్లెక్కారు. మొదటి మలుపులో ఆవిడ తల కిందకీ కాళ్ళు పైకీ అయ్యాయి. “ఓరి మీ దుంపతెగా, నన్ను దించుతున్నారా, ఎక్కిత్తన్నారా!” అని అరిచింది. కింద మైకులో “అవ్వ సంతోషంతో కేకలు వేస్తున్నారు!” అని చెప్పారు.

మూడో అంతస్తు చేరేసరికి బోయీలు నలుగురూ వరండాలో వరసగా పడుకుండిపోయారు. దత్తాగారు గంటాలమ్మను ఎగాదిగా చూసి, మార్గదర్శకాలు తిరగేసి, ముద్ర వేశారు.

“వీరు నడవలేదు. ఆరోహించలేదు. కూర్చుండలేదు. మౌనముగా ఉండలేదు. వీరు నిస్సందేహముగా అశక్తులు. పింఛను పునరుద్ధరింపబడినది.”

పరాంకుశానికి కళ్ళు చెమర్చాయి. కిందకి చెయ్యి ఊపాడు. మైకు మోతెక్కిపోయింది. కేంద్రం మీద రాష్ట్రం గెలిచింది.

“ఇక దింపండర్రా,” అన్నాడు బోయీలతో.

ముత్యాలు పడుకునే బదులిచ్చాడు. “జీవోలో ఎక్కించేదాకానే రాసుందంటండి. సూపర్వైజరుగారు చదివి వినిపించేరు. ఇంటికాడినుంచి ఆఫీసుదాకా అనుంది. మళ్ళా ఇంటికి అన్లేదంటండి. ఉన్నా నా తుంటి లేవదండాయ్.”

పరాంకుశానికి పాత జీవో గుర్తొచ్చింది. సైకిళ్ళ పథకంలో తిరుగు ప్రయాణం ఎందుకుంటుంది? సైకిలిస్తే తొక్కుకుపోతారు. గంటాలమ్మ ఇప్పుడు నడిచి దిగిందా, దత్తాగారు కళ్ళారా చూస్తారు. దిగకపోతే జన్మంతా మూడో అంతస్తులోనే ఉండాలి.

ఇంక ఆలోచించలేదు. కోటు విప్పి ముత్యాలు తల కింద పెట్టాడు. గంటాలమ్మ ముందు వంగున్నాడు.

“ఎక్కత్తా.”

“నువ్వా?”

“జీవో రాసింది నేనేగా.”

ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన వీపు మీదకి ఎక్కింది. ఆయన గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టాడు. ఆవిడ పెద్ద బరువు లేదు. అది తెలిసేసరికి ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

“అయితే ఇంక పింఛను వచ్చినట్టేనా బాబూ?”

“వచ్చినట్టే! ఢిల్లీవాడే ముద్రేశాడు. ఇక్కడ మన జీవో ఎలాగూ ఉంది. వింటావా, నాకు నోటికొచ్చు.” ఆనందం కొద్దీ, ఆయాసం తెలీకుండా ఉంటుందని కూడా, జీవో మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆత్మగౌరవాలు నాలుగూ అయ్యాయి. పరుపు అయింది. మూలుగు అయింది. నోరు దానంతటదే ఆఖరి పేరాలోకి వెళ్ళిపోయింది. “పైన పేర్కొన్న పథకం కింద లబ్ధి పొందినవారు ప్రభుత్వం నుంచి లభించు మరే ఇతర పింఛనుకునూ అర్హులు కారని ఇందుమూలముగా…”

రెండో అంతస్తు మలుపులో ఆగిపోయాడు. ఇన్నేళ్ళూ వేళ్ళతో కొట్టాడే గానీ, ఆ పేరా చెవిన పడటం అదే మొదలు.

గంటాలమ్మ వీపు మీంచి అంది, “ఆ ఆఖరి ముక్క మళ్ళీ చెప్పు.”

ఆయన మళ్ళీ చెప్పాడు. చెప్పకుండా ఉండటానికి ఏదైనా దారి ఉందేమో వెతికాడు గానీ, దొరకలేదు.

“అంటే పల్లకీ ఎక్కేను కాబట్టి పింఛను లేదు.”

“అంతే అత్తా.”

“ఎక్కకపోతే ఢిల్లీవోడు తీసేత్తాడు. ఎక్కితే నువ్వు తీసేత్తావు.”

పరాంకుశం ఇంకో మెట్టు దిగబోయాడు.

“దించు బాబూ,” అంది గంటాలమ్మ. “ఇంక మొయ్యక్కర్లేదు. నడిచే పోతాను.”

ఆయన వంగి ఆవిణ్ణి దించాడు. దించడంలో నడుములో ఏదో కలుక్కుమంది. అలాగే వంగి ఉండిపోయాడు. ఆవిడ గోడ పట్టుకుని, అడుగడుక్కీ మూలుగుతూ, ఎవరూ నేర్పని మూలుగుతో మెట్లు దిగసాగింది. పైనుంచి దత్తాగారు వరండా పిట్టగోడ మీంచి తొంగి చూశారు. కింద మైకులో మంత్రిగారు, “ఈ రాష్ట్రంలో ఏ అవ్వ పాదమూ నేలకు తాకదు!” అంటూండగా గంటాలమ్మ షామియానా కిందకి చెప్పుల్లేని కాళ్ళతో నడిచొచ్చింది. దండ పట్టుకున్నవాడికి ఎవరికి వెయ్యాలో తెలీలేదు.

దత్తాగారు మాత్రం న్యాయంగా ప్రవర్తించారు. “మార్గదర్శకములలో ఆరోహణము మాత్రమే గణ్యము. అవరోహణమును గురించి అవి మౌనము వహించినవి. వీరి అశక్తత చెక్కుచెదరలేదు,” అని పైనుంచే ప్రకటించారు. కాబట్టి ఢిల్లీ వేపునుంచి అడ్డంకి లేదు. అడ్డంకల్లా పరాంకుశం వేళ్ళది.

వంగిపోయిన పరాంకుశాన్ని దింపాలి కదా. ప్రద్యుమ్న గారు అక్కడికక్కడే మౌఖిక ఉత్తర్వులిచ్చారు. అధికారి కనక తిరుగు ప్రయాణానికి ఆమోదం క్షణంలో వచ్చింది. ముత్యాలూ వాళ్ళూ లేచి, ఆయన్ని పల్లకీలో పడుకోబెట్టి దింపారు. యంత్రం టిక్కుమంది. గంటాలమ్మ షామియానా గుంజ పట్టుకుని నిలబడి చూసింది.

“మూలుగు బాబూ, మూలుగు,” అంది. “లేపోతే కాపలా ఉద్యోగం ఇత్తారు.”

నడుం సర్దుకునేసరికి రిటైర్మెంటు నెల వచ్చేసింది. పరాంకుశం పింఛను కాగితాలు ఖజానా శాఖకి వెళ్ళి, ఎర్ర సిరా గీతతో తిరిగొచ్చాయి. సదరు అధికారి గౌరవ పల్లకి పథకం కింద లబ్ధి పొందియున్నందున, ఆఖరి పేరా ప్రకారం మరే ఇతర పింఛనుకునూ అర్హులు కారు.

ఆయన ఆ కాగితం పట్టుకుని పడీపడీ నవ్వాడు. నవ్వితే నడుం నొప్పి, ఐనా ఆగలేదు. నవ్వు అయిపోయాక కాస్త భయం కూడా వేసింది. తనకిప్పుడు గంటాలమ్మకి ఎంతుందో అంతే ఉంది. ఆవిడకి కనీసం ఇడ్లీ వెయ్యడం వచ్చు.

ప్రద్యుమ్న గారు ఓదార్చడానికి పిలిచారు. “నిబంధన నిబంధనే పరాంకుశం గారూ. వ్యక్తిగతంగా నాకు బాధగానే ఉంది. కానీ ఒక్కరి కోసం జీవో మార్చలేం కదా.”

“అవును సార్. మీది ఎప్పుడు రిటైర్మెంటు?”

“ఎందుకు?”

“ప్రారంభోత్సవం నాడు మీరూ ఎక్కారు కదా, టిక్కుమంది. మంత్రిగారూ ఎక్కారు. దిగిపోయాక మాజీ ఎమ్మెల్యే పింఛను రావాలి కదా ఆయనకి.”

ప్రద్యుమ్న గారు కళ్ళజోడు తీశారు, తుడవలేదు. ఆర్థిక శాఖకి ఫోను చేశారు. అక్కడినుంచి కలెక్టరుకి, న్యాయశాఖకి ఫోన్లు వెళ్ళాయి. మధ్యాహ్నానికల్లా మంత్రివర్గం ప్రత్యేకంగా కూర్చుంది. పింఛను కోసం గంటాలమ్మ పెట్టుకున్న అర్జీ మూడు టేబుళ్ళ మీద నిద్రపోతున్న భవనంలోనే సవరణ సాయంత్రానికి సిద్ధమైంది. పరాంకుశం ఉద్యోగానికి అదే ఆఖరి రోజు.

“రాసుకోండి,” అన్నారు ప్రద్యుమ్న గారు గదిలో పచార్లు చేస్తూ. “పై పేరా ప్రభుత్వ అధికారులకూ, ప్రజాప్రతినిధులకూ వర్తించదు. అంతే. త్వరగా తీసుకురండి, మంత్రిగారికి విమానం ఉంది.”

పరాంకుశం సీటుకి వచ్చి కూర్చున్నాడు. పాత జీవో తీశాడు. జీవితంలో మొదటిసారి వేళ్ళని ఆపి, కళ్ళు పెట్టి, ఒక్కో అక్షరం కొట్టాడు. పై పేరా వర్తించదు. ఎవరికి అన్న మాటే లేదు. ఫుల్‌స్టాపు.

కాగితం చేతిలో పట్టుకుని మెట్లెక్కాడు. ఎవరైనా చదివితే పింఛను సరే, ఆ నెల జీతం కూడా అనుమానమే. ప్రద్యుమ్న గారు సంతకం పెట్టారు. ఆర్థిక శాఖ పెట్టింది. న్యాయశాఖ పెట్టింది. మంత్రిగారు కారులో ఒక కాలు పెట్టి పెట్టారు. ఎవరూ చదవలేదు. ఆఖరి పేరా కదా.

నల్లంపేటలో పల్లకి ఇప్పుడు పరాంకుశాన్ని దింపినచోటే, కార్యాలయం కిందే ఉంది. కదపడానికి జీవో లేదు. సంస్కరణ విజయవంతమైందని ఢిల్లీ ప్రకటించింది, తిప్పికొట్టామని రాష్ట్రం ప్రకటించింది. పింఛను పడిందని తెలిశాక పరాంకుశం కాలవగట్టు మీదకి వెళ్ళాడు. గంటాలమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని, మోకాళ్ళకి తైలం రాసుకుంటోంది. లోపల పొయ్యి మీద ఏదో కూర ఉడుకుతున్న వాసన వస్తోంది.

“ఏం కూరత్తా?” అని అడిగాడు చాలా రోజుల తర్వాత.

“వంకాయ. కూచో. ఈసారి ఆఖర్ని ఏం రాసేవేంటి?”

“ఆ పేరా వర్తించదని రాశాను.”

గంటాలమ్మ తైలం రాసుకోవడం ఆపి ఆయన ముఖంలోకి చూసింది.

“అంతేనా? ఆ ముక్క ముందే రాసుంటే నా మోకాళ్ళు మిగిలేవి కదయ్యా,” అంది.